మెదడులో మెలనోమా: ‘ప్రాథమికం’ అని రాసే ముందు

మెలనోమా అనగానే చర్మ క్యాన్సర్ గుర్తొస్తుంది. ఎండ, తెల్ల చర్మం, రంగు మారిన పుట్టుమచ్చ... దాని చుట్టూ మనం వినే మాటలివే. అందుకే మెదడులోంచి తీసిన గడ్డను పరీక్షించి ‘మెలనోమా’ అని రిపోర్టు ఇస్తే, అది చర్మం నుంచి పాకిందనే ఎవరైనా అనుకుంటారు. చాలాసార్లు అదే నిజం. పాశ్చాత్య దేశాల లెక్కల్లో మెదడుకు పాకే క్యాన్సర్లలో ఊపిరితిత్తులు, రొమ్ము తర్వాతి స్థానం మెలనోమాదే.

కానీ కొద్దిమందిలో ఒళ్లంతా వెతికినా మూలం దొరకదు. గడ్డ పుట్టిందే మెదడు పొరల్లో. దీన్ని కేంద్ర నాడీవ్యవస్థ ప్రాథమిక మెలనోమా అంటారు. జర్మన్ పాథాలజిస్టు రుడాల్ఫ్ విర్కో 1859లోనే దీన్ని వర్ణించారు. మొత్తం మెలనోమాల్లో ఇది సుమారు 1 శాతం. వైద్య సాహిత్యంలో తరచూ కనిపించే అంచనా ప్రకారం ఏడాదికి రెండు కోట్ల మందిలో ఒకరికి వస్తుంది. అదే రేటు మనకూ వర్తిస్తుందనుకుంటే దేశం మొత్తం మీద ఏడాదికి 70 మంది, రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి నలుగురైదుగురు.

ఇంత అరుదైన జబ్బు గురించి ఇంత పొడుగు వ్యాసం ఎందుకంటే, ‘ప్రాథమిక’ అనే ఆ ఒక్క మాట రిపోర్టులోకి ఎలా వస్తోందన్నది నన్ను కలవరపెడుతోంది కాబట్టి. ఏ సూక్ష్మదర్శినీ ఆ మాటను నేరుగా చూపించదు. మిగతావన్నీ కొట్టేశాక మిగిలేది అది. ఏమేం కొట్టేశాం, ఎంత శ్రద్ధగా వెతికి కొట్టేశాం అన్నదాన్ని బట్టే దాని విలువ. మన ఆసుపత్రుల్లో ఆ వెతుకులాట సగంలో ఆగిపోయే అవకాశాలు చాలా ఉన్నాయి. దాని మూల్యం రోగి చెల్లిస్తాడు.

చీకట్లో రంగు కణాలు

పుర్రె లోపల, వెలుగు సోకని చోట, మెలనిన్ తయారుచేసే కణాలు ఎందుకుంటాయి? పిండం రూపుదిద్దుకునే తొలి వారాల్లో, వెన్నుపాముగా మారబోయే గొట్టం అంచుల నుంచి న్యూరల్ క్రెస్ట్ కణాలు వలస బయల్దేరతాయి. వాటి సంతతిలో కొన్ని చర్మానికి చేరి మనకు మేనిఛాయనిస్తాయి. కొన్ని కంటిలోని యువియా పొరకు, కొన్ని లోపలి చెవికి వెళ్తాయి. మరికొన్ని మెదడును అంటిపెట్టుకుని ఉండే పలుచని పొరలో, అంటే బడిలో ‘మృద్వి’ అని చదువుకున్న దాంట్లో, స్థిరపడతాయి. మెదడు అడుగున మెడుల్లా ముందు భాగంలో, మెడ దగ్గరి వెన్నుపాము మీద ఇవి ఎక్కువ. ప్రాథమిక మెలనోమా ఈ కణాల నుంచే పుడుతుంది. ఒక్కోసారి ఒకే గడ్డగా పెరుగుతుంది. ఒక్కోసారి గడ్డంటూ లేకుండా, చింది పారిన సిరాలా పొరల వెంబడి పరుచుకుంటుంది. ఈ రెండో రకాన్ని మెలనోమటోసిస్ అంటారు. రెంటిలో ప్రమాదకరమైనది అదే, చాలామందిలో నెలల్లోనే ప్రాణం తీస్తుంది.

ఎమ్మారై ఏం చూస్తుంది, ఏం చూడదు

భౌతికశాస్త్రం చదువుకున్న నాకు ఈ కథలో బాగా నచ్చేదీ, భయపెట్టేదీ ఈ భాగమే. ఎమ్మారై యంత్రం చూసేది నీటిలోని హైడ్రోజన్ కేంద్రకాలను, అంటే ప్రోటాన్లను. రేడియో తరంగంతో కదిలించాక అవి తిరిగి సర్దుకోవడానికి పట్టే కాలాన్ని బట్టి చిత్రం తయారవుతుంది. మెలనిన్‌లో జతకూడని ఎలక్ట్రాన్లు ఉంటాయి. ఇనుము, రాగి లాంటి లోహ అయాన్లను కూడా అది పట్టి ఉంచుకుంటుంది. ఒక ఎలక్ట్రాన్ అయస్కాంత భ్రామకం ప్రోటాన్‌దానికి సుమారు 658 రెట్లు. అంత బలమైన అయస్కాంతం పక్కన ఉంటే నీటి ప్రోటాన్లు త్వరగా సర్దుకుంటాయి. ఫలితంగా మెలనిన్ నిండిన గడ్డ టీ1 చిత్రంలో తెల్లగా, టీ2 చిత్రంలో నల్లగా కనిపిస్తుంది. చాలా మెదడు గడ్డలు దీనికి తలకిందులుగా ఉంటాయి. చూడగానే ‘మెలనోమా కావచ్చు’ అనిపించే గుర్తు ఇది.

చిక్కేమిటంటే, కొన్ని రోజుల కింద చిట్లి గడ్డకట్టిన రక్తం కూడా అచ్చం ఇలాగే కనిపించగలదు. అందులోని హీమోగ్లోబిన్ మెథమోగ్లోబిన్‌గా మారాక, దాని ఇనుములోనూ జతకూడని ఎలక్ట్రాన్లు ఉంటాయి. యంత్రానికి తెలిసేది నీటి పక్కన జతకూడని ఎలక్ట్రాన్ ఉందని మాత్రమే. అది మెలనిన్‌దా, నెత్తురుదా అని అది అడగదు. పైగా మెలనోమాకు రక్తస్రావం అలవాటు. గడ్డ మీద నెత్తురు, నెత్తురు కింద గడ్డ. రిపోర్టులో ‘బ్రెయిన్ హెమరేజ్’ అని గానీ, ‘కావర్నోమా’ అనే రక్తనాళాల ముద్ద అని గానీ వస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు. మెలనిన్ తయారుచేయని మెలనోమాలూ ఉన్నాయి, వాటిలో ఈ గుర్తే ఉండదు.

దీనికో చౌకైన ఉపాయం ఉంది. నెత్తురు పాతబడుతుంది, మెలనిన్ పాతబడదు. కొన్ని వారాల తర్వాత అదే చిత్రం మళ్లీ తీస్తే రక్తపు మచ్చ రంగు మారుతుంది, మెలనిన్ మచ్చ మారదు, లేదా పెరుగుతుంది. రోగి నిలకడగా ఉన్నప్పుడే ఇది కుదురుతుంది. అయినా మన దగ్గర ఆ రెండో స్కాన్‌కు తిరిగి వచ్చేవాళ్లు ఎందరు? మొదటి స్కాన్‌కే నగ తాకట్టు పెట్టిన ఇంటికి ‘మళ్లీ రండి’ అని చెప్పడం ఎంత కష్టమో డాక్టర్లకు తెలుసు. ఎందుకు మళ్లీ రావాలో ఆ ఇంటివాళ్లకు అర్థమయ్యేలా చెప్పడం అంతకన్నా ముఖ్యం.

టీబీ అనే సమంజసమైన పొరపాటు

పొరల వెంబడి పరుచుకునే రకానికి ఇంకో ఇబ్బంది ఉంది. నెలల తరబడి తలనొప్పి, వాంతులు, ఒకటి రెండుగా కనబడటం, మెడ బిగుసుకోవడం, ఫిట్స్. నడుము దగ్గర నుంచి తీసిన వెన్ను నీటిలో ప్రొటీన్ ఎక్కువ, గ్లూకోజ్ తక్కువ. ఎమ్మారైలో మెదడు అడుగు పొరలు కాంట్రాస్ట్ మందుకు మెరుస్తాయి. ఇవన్నీ కలిపి చూపిస్తే మన దేశంలో ఏ డాక్టరైనా మొదట అనేది టీబీ మెనింజైటిస్ అనే. అనాలి కూడా. ప్రపంచ టీబీ కేసుల్లో దాదాపు నాలుగో వంతు మనవే, చికిత్స ఆలస్యమైతే మెదడు టీబీ ప్రాణం తీస్తుంది. జీన్ఎక్స్‌పర్ట్ పరీక్షలో క్రిమి దొరకలేదన్నంత మాత్రాన టీబీ లేదని తేలదు. కాబట్టి మందులు మొదలుపెట్టడాన్ని నేను తప్పు పట్టను.

తర్వాత జరిగేదే అసలు సమస్య. టీబీ మందులతో పాటు డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇస్తారు. అది వాపును తగ్గిస్తుంది. వాపు టీబీదైనా, క్యాన్సర్‌దైనా తగ్గిస్తుంది. రోగి లేచి కూర్చుంటాడు, అన్నం తింటాడు, ‘మందు పనిచేస్తోంది’ అని ఇంట్లో అందరూ నమ్ముతారు. స్టెరాయిడ్ తగ్గించే వేళకు మళ్లీ పడిపోతాడు. మెలనోమటోసిస్‌ను టీబీ అనుకుని వారాలు, నెలలు వైద్యం చేసిన కేసులు మన దేశంతో సహా పలు దేశాల వైద్య పత్రికల్లో నమోదయ్యాయి.

ఇక్కడ కావాల్సింది కొత్త యంత్రం కాదు, గడువు. టీబీ అని రుజువు కాకుండానే మందులు మొదలుపెట్టిన రోగి కొన్ని వారాల్లో మెరుగుపడకపోతే, వెన్ను నీటిని మళ్లీ తీసి క్యాన్సర్ కణాల కోసం ప్రత్యేకంగా చూడాలి. రెండు మూడు మిల్లీలీటర్లు సరిపోవు, కనీసం పది కావాలి. తీసిన వెంటనే ల్యాబ్‌కు చేరాలి, ఎందుకంటే ఆ నీటిలో కణాలు త్వరగా చెడిపోతాయి. ఒకసారి దొరకకపోతే రెండోసారి చూడాలి. అప్పటికీ తేలకపోతే మెదడు పొర ముక్క తీసి చూడటం గురించి న్యూరోసర్జన్‌తో మాట్లాడాలి. ‘ఇంకో నెల చూద్దాం’ అనే మాటకు ముగింపు తేదీ ముందే రాసి ఉండాలని నా వాదన.

అరికాలు చూశారా?

ముక్క చేతికొచ్చింది, పాథాలజిస్టు హెచ్ఎంబీ-45, మెలాన్-ఎ, ఎస్-100, సాక్స్10 లాంటి గుర్తులతో అది మెలనోమా అని తేల్చారనుకుందాం. అది ఇక్కడే పుట్టిందా, ఎక్కడి నుంచో వచ్చిందా అన్నది ఇంకా తేలలేదు. 1976లో హేవర్డ్ అనే పరిశోధకుడు కొన్ని ఆనవాళ్లు సూచించారు. మెదడులో ఒకే గడ్డ ఉండటం, పొరలకు అంటుకుని ఉండటం, వెన్నుపాము లోపల ఉండటం, పిట్యూటరీలోనో పీనియల్‌లోనో ఉండటం వంటివి. అన్నిటికన్నా ముఖ్యమైనది, శరీరంలో మరెక్కడా మెలనోమా లేకపోవడం. ఈ ‘లేకపోవడం’ అన్న మాట ఎంత దృఢమైనదో వెతికిన తీరే చెబుతుంది.

పాశ్చాత్య పాఠ్యపుస్తకం వీపు మీదా, కాళ్ల మీదా ఎండ తగిలే చోట్ల వెతకమంటుంది. మనలాంటి మేనిఛాయ ఉన్నవాళ్లలో మెలనోమా తక్కువ. వచ్చినప్పుడు మాత్రం ఎక్కువగా అరికాలిలో, అరచేతిలో, గోటి కింద, నోట్లో, ముక్కు లోపల, మలద్వారం దగ్గర, స్త్రీలలో జననాంగాల దగ్గర వస్తుంది. సాక్సులు విప్పించకుండా, నోరు తెరిపించకుండా ‘చర్మంపై ఏమీ లేదు’ అని రాస్తే ఆ మాటకు అర్థం లేదు. గోటి కింద నల్లగీతను దెబ్బ తగిలిందనుకుంటారు. అరికాలి మచ్చను ముల్లు గుచ్చుకున్న పాత గాయమనుకుంటారు. ఎప్పుడో ఏ క్లినిక్‌లోనో కాల్పించుకున్న పుట్టుమచ్చ సంగతి అడిగితే తప్ప ఎవరూ చెప్పరు. ఆ మచ్చను పరీక్షకు పంపి ఉండరు కూడా. ఇవన్నీ కాక, చర్మంపై పుట్టిన మెలనోమాను శరీర రక్షణ వ్యవస్థే తినేసి, తెల్లని మచ్చ మాత్రమే మిగిలిన సందర్భాలూ ఉన్నాయి. తల్లి గడ్డ మాయమై, పిల్ల గడ్డ మెదడులో ఉంటుంది.

కంటిపాప పెద్దది చేసే చుక్కలు వేసి కంటి లోపల చూడాలి. యువియా మెలనోమా కనబడకుండా దాక్కోగలదు. పెట్-సీటీ అవసరమే, కానీ అది కంటి డాక్టరుకూ, చర్మ డాక్టరుకూ ప్రత్యామ్నాయం కాదు. కంటి చుట్టూ, కనుగుడ్డు తెలుపు మీద నీలి బూడిద రంగు మచ్చ ఉంటే అది ‘నీవస్ ఆఫ్ ఓటా’ కావచ్చు. ఆసియా వాసుల్లో ఎక్కువగా కనిపించే ఈ మచ్చ ఉన్నవాళ్లలో అత్యధికులకు జీవితాంతం ఏమీ కాదు. ఉన్నవాళ్లు కంగారు పడక్కర్లేదు. అయితే మెదడులో మెలనోమా ఉన్న మనిషి ముఖం మీద ఆ మచ్చ కూడా ఉంటే, గడ్డ అక్కడే పుట్టిందనడానికి అదో బలమైన ఆధారం.

డీఎన్ఏలో ఎండ ముద్ర

ఇప్పుడు ఈ తగువు తీర్చడానికి ఇంకో సాక్షి వచ్చాడు. అతినీలలోహిత కిరణాల ఫోటాన్‌కు సుమారు 4 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉంటుంది. డీఎన్ఏలో పక్కపక్కనే ఉన్న రెండు పిరిమిడిన్ బేస్‌లను అతికించేయడానికి ఆ శక్తి చాలు. ఆ అతుకును కణం సరిగా మరమ్మతు చేయలేనప్పుడు సైటోసిన్ ఉండాల్సిన చోట థైమిన్ వచ్చి కూర్చుంటుంది. ఇలాంటి మార్పులు వేల సంఖ్యలో, ఒకే పద్ధతిలో కనిపిస్తే అది ఎండ ముద్ర. ఆ ఫోటాన్ చర్మంలో ఒకటి రెండు మిల్లీమీటర్లు దాటడమే కష్టం, పుర్రె దాటే ప్రశ్నే లేదు. మెదడు గడ్డ డీఎన్ఏలో ఎండ ముద్ర దొరికిందంటే ఆ కణాల పూర్వీకులు చర్మం మీద ఎండ కాచినవాళ్లే.

మెదడులోనే పుట్టిన పెద్దవాళ్ల మెలనోమాల్లో తరచూ కనిపించేవి జీఎన్ఏక్యూ, జీఎన్ఏ11 అనే జన్యువుల్లోని మార్పులు. పుట్టుకతోనే ఒంటి మీద చాలా పెద్ద పుట్టుమచ్చలున్న పిల్లల్లో వచ్చే రకంలో ఎన్ఆర్ఏఎస్ మార్పు ఎక్కువ. ఎండ వల్ల చర్మంపై వచ్చే మెలనోమాల్లో సగం దాకా బీఆర్ఏఎఫ్ మార్పు ఉంటుంది. చూడటానికి చక్కని వర్గీకరణే.

కానీ దీన్ని యథాతథంగా దిగుమతి చేసుకుంటే మనం మోసపోతాం. మన దగ్గర ఎక్కువగా కనిపించే అరికాలి, నోటి మెలనోమాల్లో ఎండ ముద్ర సాధారణంగా ఉండదు. అంటే మెదడు గడ్డలో ఎండ ముద్ర లేదన్నది ఒక ఆస్ట్రేలియా రోగి విషయంలో ఎంత చెబుతుందో, ఒక భారతీయ రోగి విషయంలో అంత చెప్పదు. జీఎన్ఏక్యూ మార్పు దొరికినా కంటి పరీక్ష తప్పదు, యువియా మెలనోమాలోనూ అదే ఉంటుంది. ఇంకో కిటుకు కూడా ఉంది. ముక్కను నిల్వచేసే ఫార్మలిన్ కూడా సైటోసిన్‌ను దెబ్బతీసి, సీక్వెన్సింగ్‌లో థైమిన్‌లా చదివిస్తుంది. బఫర్ లేని ఫార్మలిన్‌లో రోజుల తరబడి నానిన ముక్క తప్పుడు సాక్ష్యం చెప్పగలదు. అనుభవమున్న ల్యాబ్ ఈ తేడా పట్టుకుంటుంది. కోట్ల రూపాయల సీక్వెన్సర్ ఇచ్చే ఫలితం ఆపరేషన్ గదిలోని సీసాలో ఏ ద్రవం పోశారన్న దాని మీద ఆధారపడి ఉంటుందని మాత్రం మరిచిపోకూడదు.

పేరు మారితే మందు మారుతుంది

ఎక్కడ పుట్టిందో తెలిస్తే ఏమిటి, తెలియకపోతే ఏమిటి అనొచ్చు. ఒకే గడ్డ అయితే మొదటి పని ఎలాగూ ఒకటే: వీలైనంత పూర్తిగా తీసేయడం. గడ్డను మొత్తంగా తీయగలిగిన వాళ్లే ఎక్కువ కాలం బతికినట్టు ఇప్పటిదాకా వచ్చిన కేసు నివేదికలు చెబుతున్నాయి. మిగిలిన దానిపై రేడియేషన్, వీలైతే ఒకే చోట పెద్ద మోతాదు కేంద్రీకరించే రేడియోసర్జరీ. పాత కీమో మందులు డకార్బజైన్, టెమోజోలోమైడ్ ఇచ్చే ఫలితం కొద్దిదే.

దారులు చీలేది ఆ తర్వాతే. బీఆర్ఏఎఫ్ వీ600ఈ మార్పు ఉంటే డబ్రాఫెనిబ్, ట్రామెటినిబ్ మాత్రల జంట ఉంది. మెదడుకు పాకిన చర్మ మెలనోమాలో ఇది సగానికి పైగా రోగుల్లో గడ్డలను కుదించింది. ఇమ్యునోథెరపీ సంగతి చూద్దాం. 2018లో వెలువడిన చెక్‌మేట్ 204 అధ్యయనంలో ఇపిలిముమాబ్, నివోలుమాబ్ కలిపి ఇచ్చిన 94 మందిలో 57 శాతానికి మెదడులోని గడ్డల విషయంలో మేలు జరిగింది. మెలనోమా చికిత్సలో ఇదొక మలుపు. కానీ వాళ్లందరివీ మెదడుకు పాకిన మెలనోమాలు. మెదడులోనే పుట్టినదాని మీద ఇలాంటి అధ్యయనం లేదు. జీఎన్ఏక్యూ రకం గడ్డల్లో జన్యు మార్పులు తక్కువ, రక్షణ వ్యవస్థ ‘పరాయిది’ అని గుర్తుపట్టే జాడలూ తక్కువ. వాటికి బంధువైన కంటి మెలనోమాలో ఈ మందుల ప్రభావం చర్మ మెలనోమాలో కన్నా చాలా తక్కువ.

ఒక కుటుంబం లక్షలు అప్పు తెచ్చి ఇమ్యునోథెరపీకి సిద్ధపడినప్పుడు ఈ తేడా ఎవరో ఒకరు కూర్చోబెట్టి చెప్పాలి. మందు వద్దనడం నా ఉద్దేశం కాదు. ఏ ఆధారంతో ఇస్తున్నారో, ఆ ఆధారం ఈ రోగికి ఎంతవరకు వర్తిస్తుందో తెలుసుకునే హక్కు వాళ్లకుందని నా ఉద్దేశం. టాటా మెమోరియల్ వైద్యులు తల, మెడ క్యాన్సర్లలో నివోలుమాబ్‌ను మూడు వారాలకోసారి 20 మిల్లీగ్రాముల చిన్న మోతాదులో ఇచ్చి మంచి ఫలితం చూపించారు. దాన్ని చూసి మెలనోమాలోనూ తక్కువ మోతాదు చాలనుకోవడం తొందరపాటు. అలాంటి ప్రశ్నలు వేసి జవాబు రాబట్టగల సామర్థ్యం మన ఆసుపత్రులకుందని మాత్రం అది రుజువు చేసింది.

డెబ్బై మంది కోసమా?

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. జిల్లా ఆసుపత్రిలో న్యూరోసర్జనే లేని దేశంలో, ఏడాదికి 70 మందికి వచ్చే జబ్బు కోసం జన్యు పరీక్షలు, ట్యూమర్ బోర్డులు అనడం సబబేనా? ప్రతి ఆసుపత్రిలో సీక్వెన్సర్ పెట్టమని నేను అడగడం లేదు. పైన చెప్పినవాటిలో చాలా వాటికి డబ్బు పెద్దగా అక్కర్లేదు. సాక్సులు విప్పించి చూడటం, కంటిలో చుక్కలు వేయడం, సరైన ఫార్మలిన్ వాడటం, వెన్ను నీరు రెండోసారి పంపడం. ఇవి ఈ 70 మందికే కాదు, టీబీ అని పొరబడిన లింఫోమా రోగికీ, మెదడుకు పాకిన ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగికీ పనికొస్తాయి. జన్యు పరీక్ష ఎక్కడ చేసినా ఫర్వాలేదు, ముక్క అక్కడికి వెళ్లగలగాలి. 2012లో మొదలైన నేషనల్ క్యాన్సర్ గ్రిడ్‌లో ఇప్పుడు 300కు పైగా కేంద్రాలున్నాయి, ఆన్‌లైన్ ట్యూమర్ బోర్డులూ నడుస్తున్నాయి. అరుదైన కేసును ఒక్క డాక్టరు ఒంటరిగా తేల్చాల్సిన పరిస్థితి ఇవాళ లేదు.

లెక్క రాయడంలోనూ జాగ్రత్త కావాలి. క్యాన్సర్ రిజిస్ట్రీలు వాడే అంతర్జాతీయ పద్ధతిలో, మెలనోమా పుట్టిన చోటు తెలియదని ఉంటే దాన్ని చర్మం ఖాతాలో వేస్తారు. మెదడు పొరలని స్పష్టంగా రాస్తే అది ‘మెదడు, నాడీవ్యవస్థ’ అనే పెద్ద గంపలో కలిసిపోతుంది. రెండు విధాలా ఈ జబ్బు అచ్చయ్యే పట్టికల్లోంచి మాయమవుతుంది. ఐసీఎంఆర్ జాతీయ రిజిస్ట్రీ, క్యాన్సర్ గ్రిడ్ కలిసి నాడీవ్యవస్థలోని మెలనిన్ గడ్డలకు ఒక ఉమ్మడి పుస్తకం తెరవాలి. అందులో గడ్డ రకం, జన్యు మార్పు, వెతికిన చోట్లు, ఇచ్చిన మందు, రోగి బతికిన కాలం ఉంటే చాలు. పదేళ్లలో అందులో చేరే కేసులు ఈ రంగంలో ఇప్పటిదాకా వచ్చిన చాలా అధ్యయనాలకన్నా పెద్ద సంఖ్య అవుతాయి.

ఈలోగా ఇంట్లోవాళ్లు చేయగలిగింది ఒకటుంది. డిశ్చార్జి రోజున రిపోర్టు కాగితంతో సరిపెట్టుకోకుండా పారఫిన్ బ్లాకు, స్లైడ్లు కూడా అడిగి తీసుకోండి. రసీదు మీద సంతకం చేయించుకుని ఇస్తారు. ఆ చిన్న మైనపు దిమ్మెలో ఇరుక్కున్న ముక్క నుంచి ఏళ్ల తర్వాత కూడా డీఎన్ఏ తీయొచ్చు. కొత్త మందు వచ్చిన రోజున, మళ్లీ పుర్రె తెరవకుండా కొత్త పరీక్ష చేయించొచ్చు. మైనం 60 డిగ్రీల లోపే కరుగుతుంది కాబట్టి దాన్ని ఎండలో ఆపిన కారులో మాత్రం వదిలేయకండి.